రెండో పార్టు ఆఖరి స్టేజీ

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి సోఫాలో బోర్లా పడుకుని ఫోనులో ఆట ఆడుతోంది. ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ అటు వెళ్తున్న నాకు ఆ ఫోనులోంచి ఓ పాట వినిపించింది. మాటల్లేని పాట, గిన్నె మీద చెంచాతో కొట్టినట్టుండే పాట. చేతిలో తువ్వాలుతో అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా అందులో ఏ స్వరం తర్వాత ఏది వస్తుందో నాకు తెలుసు.

అంతలో ఆట మీదుగా ఫోను మోగింది. మా అమ్మాయి పేరు చూసి కూడా ఎత్తకుండా బొటనవేలితో పక్కకు తోసేసింది.

"ఎవరే?"

"అమ్మమ్మ. తర్వాత చేస్తాలే అమ్మా. ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ మొదట్నుంచీ ఆడాలి."

మామూలుగా అయితే నాలుగు చివాట్లు పెట్టేదాన్ని. ఆ రోజు మాత్రం మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

నాకు పన్నెండో ఏడు నడుస్తున్న వేసవి అది. అప్పుడు మేం హఫీజ్‌పేట్‌లో రైల్వే స్టేషనుకు దగ్గరగా ఓ ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్నది టెలిఫోన్ల శాఖలో ఉద్యోగం. గోదావరి పక్క నుంచి బదిలీ మీద వచ్చాం. ఇంటి వెనక జామచెట్టు, దాని వెనక ఖాళీ స్థలం, ఆ తర్వాత అన్నీ బండలే. మాదాపూర్ వైపు కొత్తగా పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్నారని, ఒకటి గుండ్రంగా ఉంటుందని చెప్పుకునేవాళ్ళు. ఆ కట్టడాల కోసం ఎక్కడో బండలు పేల్చినప్పుడల్లా మా కిటికీ అద్దాలు గలగలమనేవి. అమ్మ వంటింట్లోంచి "కృష్ణా, రామా" అనేది. నాకు మాత్రం వేరే భయం. ఆ అదురుకి వీడియో గేము డబ్బాలో క్యాసెట్ కదిలిందంటే తెర మీద బొమ్మ రంగురంగుల గీతలైపోయేది. క్యాసెట్ బయటకు తీసి, దాని నోట్లో ఉఫ్ ఉఫ్ అని ఊది, మళ్ళీ పెట్టి మొదట్నుంచీ ఆడాల్సిందే. ఆ ఆటలకు ఎక్కడ ఆపామో గుర్తుండేది కాదు. కరెంటు పోతే అంతా పోయినట్టే.

ఇప్పుడు ఫోనులో పాట వినిపించిన ఆ ఆట మొదటి పార్టు మా వీధిలో ప్రతి పిల్లకీ కంఠతా వచ్చు. టోపీ పెట్టుకున్న పొట్టి మనిషొకడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతుంటాడు, గుంటలు దూకుతాడు, ఎదురొచ్చిన పురుగుల్ని తొక్కి చంపుతాడు, అంతే. రెండో పార్టు మాత్రం మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. మా మేనమామ కోఠీలో పేవ్‌మెంటు మీద కొని తెచ్చాడు. దాని మీద కాగితం సగం చిరిగిపోయి ఉంది. లోపల అక్షరాలు ఏ దేశానివో మాకు తెలియలేదు. ఆట కూడా వింతగా ఉంది. పురుగు మీదికి దూకితే అది చావదు. మనల్ని నెత్తిన ఎక్కించుకుని అటూ ఇటూ తిరుగుతుంది! రెండు రోజులు నాకు ఏమీ అర్థం కాక ఏడుపొచ్చింది.

దాన్ని విప్పి చెప్పింది పై గది అక్క.

మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు ఉండేవి. అందులో అనంతపురం పక్క నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు ఫిబ్రవరిలో దిగినప్పట్నుంచీ అమ్మ రోజూ అన్నమో కూరో పైకి పంపేది. అన్నది ఏదో కంపెనీలో పని. అక్క డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు నేర్చుకుని ఉద్యోగాల కోసం తిరుగుతుండేది. పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ తడి జడే. మెట్లు దిగుతుంటే వాళ్ళు చెనిక్కాయలనే వేరుశనగల పొడి వాసన ఆమె కంటే ముందు దిగేది. ఓ రోజు మజ్జిగకు మా ఇంటికొచ్చి, నా వెనక నిలబడి తెర చూసి పకపకా నవ్వింది.

"ఏం పాపా ఇది? నువ్వు మింద పడితే వాడు చావడం ల్యా. నెత్తిన పెట్టుకోని తిరుగుతాండాడు!"

"అందుకే అక్కా, ఇది పాడైపోయిన క్యాసెట్ అనుకుంటా."

"పాడయ్యేదేం లేదులే. ఈడ గడ్డి మొలిచినట్లుంది చూడు, దాన్ని పీకు."

పీకాను. భూమిలోంచి ముల్లంగి లాంటిదొకటి ఊడి చేతికొచ్చింది. విసిరితే పురుగు పల్టీ కొట్టి కింద పడిపోయింది. ఇద్దరం ఒక్కసారి అరిచాం. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క కిందికొచ్చేది. ఆటలో ప్రతి స్టేజీ ముందూ నలుగురిలో ఒకరిని ఎంచుకోవాలి. ఒకడు బలంగా పీకుతాడు కానీ దూకలేడు. ఒకడు ఎత్తుకు ఎగురుతాడు కానీ ఎక్కడ దిగుతాడో వాడికే తెలీదు. ఒకడు అన్నిటికీ మధ్యస్తం. నాలుగోది అమ్మాయి. పరికిణీలో గాలి నింపుకుని కాసేపు గాల్లోనే నడుస్తుంది. మేమిద్దరం ఆ అమ్మాయిని తప్ప ఎవరినీ ఎంచుకునేవాళ్ళం కాదు. అక్క ఓ పొడుగు పుస్తకంలో స్టేజీ స్టేజీకీ పటం గీసేది. ఎక్కడ గుంట, ఎక్కడ నిచ్చెన, ఏ తలుపు వెనక ఏముంది, అన్నీ అందులో ఉండేవి.

"ఆటైనా ప్రోగ్రామైనా ఒకటే పాపా. యాడ తప్పు పోయినామో రాసి పెట్టుకోవల్ల. లేకుంటే మళ్ళా అదే గుంటలో పడతాం" అనేది.

నేను ఓడిపోతే తన వంతు కూడా నాకే ఇచ్చేది. నేను మాత్రం తన వంతు వచ్చినప్పుడు, "అక్కా, మీ గదిలో పాలు పొంగుతున్న వాసనొస్తోంది" అని పైకి పంపించేసి రిమోటు లాక్కున్న రోజులున్నాయి. వెళ్ళి చూసి నవ్వుకుంటూ దిగొచ్చేది. ఇంటి యజమానురాలు, మేం పెద్దమ్మ అని పిలిచే ముసలామె, కిటికీలోంచి తొంగి చూసి మందలించేది.

"ఏంది బిడ్డా, పొద్దుగాల్నుంచి గదే లొల్లి. కండ్లు పోతయ్. గిటు రా, జామకాయలు తెంపిన, తిందువుగని."

మా వీధి మొత్తానికీ ఫోను మా ఇంట్లోనే ఉండేది. నాన్న ఆ శాఖలోనే పనిచేయడం వల్ల తొందరగా వచ్చింది. అందరూ తమ కాగితాల మీద మా నంబరు రాసి పక్కన పీపీ, అంటే పక్కింటి ఫోను, అని రాసుకునేవాళ్ళు. స్టూలు మీద అల్లిన గుడ్డ కప్పిన ఫోను, దాని పక్కన దారంతో కట్టిన పెన్సిలు, చిన్న నోటుపుస్తకం. ఫోను వస్తే వెంటనే వెళ్ళి పిలవాలి, వాళ్ళు లేకపోతే పుస్తకంలో రాసి పెట్టాలి. ఇది నాన్న పెట్టిన నియమం. ఇతర విషయాల్లో ఆయన మమ్మల్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండేవారు.

"ఫోనులో వచ్చే కబురు మనది కాదమ్మా, వాళ్ళది. మన ఇంటి మీదుగా వెళ్తుందంతే. దాన్ని ఆపే హక్కు మనకి లేదు" అనేవారు.

మే నెల మధ్యకు వచ్చేసరికి అక్క మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఓ ఆఫీసులో రాత పరీక్ష రాసింది. పాసైంది. ఆఖరి ఇంటర్వ్యూకి ఫోను చేసి పిలుస్తామన్నారట. అప్పట్నుంచీ ఆమె ఆటకు వచ్చినా చెవి ఫోను మీదే ఉండేది. ఆమె అన్నకు బెంగుళూరు బదిలీ అయింది. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. ఈలోగా ఉద్యోగం దొరికితే ఇక్కడే హాస్టల్లో ఉంటుంది, దొరక్కపోతే ఊరికి వెళ్ళిపోవాలి. అమ్మతో ఆమె ఈ మాట చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కాబట్టి నాకు తెలియదనడానికి లేదు.

ఆ రోజు అమ్మ, పెద్దమ్మ కలిసి ఆవకాయకు కాయలు కొట్టించుకు రావడానికి బజారుకు వెళ్ళారు. ముందు రోజు దంచిన ఆవపిండి ఘాటు ఇల్లంతా ఉంది. కళ్ళు మండుతున్నా కదలకుండా ఆడుతున్నాను. మొట్టమొదటిసారి ఆఖరి స్టేజీకి చేరాను. రెండింటికి రోజూ కరెంటు తీసేవాళ్ళు. గడియారంలో ఒంటిగంట దాటింది.

ఆఖరి స్టేజీలో ఓ పెద్ద తొండ రాజు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. వాడు నోరు తెరిచి రాళ్ళు ఉమ్ముతాడు. ఆ నోరు తెరిచిన క్షణంలోనే మనం ముల్లంగి వాడి నోట్లోకి విసరాలి. ఆరుసార్లు పడాలి. నావి రెండు పడ్డాయి.

ఫోను మోగింది. ఆట పాజ్‌లో పెట్టి ఎత్తాను. మగగొంతు. అక్క పేరు చెప్పి, ఉన్నారా అని అడిగింది.

"పైన ఉంటారండి."

"చూడమ్మా, ఇవాళ మూడింటిలోపు సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆఫీసుకి రమ్మని చెప్పాలి. సారు సాయంత్రం ఊరెళ్ళిపోతున్నారు. మర్చిపోకుండా చెప్తావా?"

"చెప్తానండి."

పెట్టేశాను. పన్నెండు మెట్లు ఎక్కి తలుపు కొడితే సరిపోయేది. కానీ చెబితే అక్క కిందికొస్తుంది, తిరిగి ఆఫీసుకి ఫోను చేస్తుంది, ఏ బస్సు, ఏ ఆటో అని నన్ను అడుగుతుంది, అంతలో రెండవుతుంది, కరెంటు పోతుంది. ఇంకో నాలుగు ముల్లంగులే కదా, ఐదు నిమిషాల పని, అయ్యాక చెబుదాం అనుకున్నాను. పెన్సిలు ముట్టుకోలేదు.

ఐదు నిమిషాల్లో అవలేదు. ఓ రాయి తగిలి చచ్చాను. మళ్ళీ ఆ స్టేజీ మొదట్నుంచి వచ్చాను. మూడు పడ్డాయి, నాలుగు పడ్డాయి. అప్పుడు కిటికీ దగ్గర చెప్పుల చప్పుడైంది. అక్క. బోరబండలో కంప్యూటర్ సెంటరుకి ప్రాక్టీసుకి బయల్దేరింది. చేతిలో గొడుగు.

"పాపా, ఫోనేమన్నా వచ్చిందా?"

"లేదక్కా."

నా కళ్ళు తెర మీంచి తిరగలేదు. ఆ మాట ఎవరూ నా నోట్లో పెట్టలేదు. ఆలోచించి అబద్ధం చెప్పానా అంటే, అదీ కాదు. అవునంటే ఆట ఆగిపోతుంది కాబట్టి లేదన్నాను.

"ఆఖరి దానికొచ్చినావా! రాళ్ళు పడేటప్పుడు మూలకు పోయి కూచో, తగలవు. గెల్చినాక చెప్పు నాకు, మర్చిపోవద్దు" అంది.

గేటు మూసిన చప్పుడు వినిపించింది. నేను మూలకు వెళ్ళి కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే రాళ్ళు తగల్లేదు. ఆరోది పడింది. తొండ రాజు వెనక్కి పడిపోయాడు. తలుపు తెరుచుకుంది, చిన్న చిన్న బొమ్మలు వచ్చి ఆ పరికిణీ అమ్మాయిని భుజాల మీద ఎత్తుకున్నాయి. నేను లేచి గంతులేశాను. ఒక్కదాన్నే. అక్కకు చెప్పాలని గుమ్మం దాకా పరిగెత్తి అక్కడ ఆగిపోయాను.

ఒంటిగంట యాభై. వీధి మలుపు దాకా వెళ్ళాను. ఎండలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఆమె ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో వెళ్ళిపోయుంటుంది. తిరిగొచ్చేసరికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. తెర నల్లగా ఉంది. కరెంటు లేకపోయినా ఫోను పనిచేస్తుంది. కంప్యూటర్ సెంటరు నంబరు నాకు తెలియదు. నాన్న ఆఫీసు నంబరు తెలుసు. ఆయనకు చెబితే ఏదో ఒకటి చేసేవారు. చెబితే ఎందుకాలస్యమైందో కూడా చెప్పాలి. రిసీవరు ఎత్తి, కాసేపు ఆ గుయ్యిమనే చప్పుడు విని పెట్టేశాను.

అమ్మ వాళ్ళు ముక్కలు కొట్టించుకొచ్చారు. ఎప్పుడూ పారిపోయే నేను ఆ రోజు గుడ్డ తీసుకుని ఒక్కో ముక్కా తుడవడానికి కూర్చున్నాను. జీడి తీశాను, పొర తీశాను. మూడు గంటలు కొట్టినప్పుడు తుడిచిన ముక్కే మళ్ళీ తుడుస్తున్నాను.

"ఇవాళ మా అమ్మాయికి ఎంత బుద్ధొచ్చిందో చూశారా" అంది అమ్మ మురిసిపోతూ.

"ఆడపిల్ల పెద్దగైతున్నది గద" అంది పెద్దమ్మ.

సాయంత్రం అక్క వచ్చింది. కొంచెం వంగి, "గెల్చినావా?" అని అడిగింది. తలూపాను. నా వీపు తట్టింది. తర్వాత అమ్మతో, "అక్కా, ఫోను..." అంది. అమ్మ నా వైపు చూసింది. "రాలేదు" అన్నాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత వారం రోజులు ఆమె పొద్దునా సాయంత్రం అడిగేది. ఆటకు మాత్రం రాలేదు. నేను కూడా డబ్బా అటక మీద పెట్టేశాను. కడుపునొప్పి అని అన్నం మానేసేదాన్ని. ఓ పూట నాన్నే, "లైనులో ఏదైనా లోపముందేమో" అని తన ఆఫీసు నుంచి లైన్‌మాన్‌ని పిలిపించారు. ఆయన ఎర్రటి ఎండలో స్తంభం ఎక్కి తీగలన్నీ చూసి దిగాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. నాన్న అక్కతో, "లైను బాగానే ఉందమ్మా. వస్తే మాకు తప్పకుండా తెలుస్తుంది. పరవాలేదు, ఇంకా పిలవలేదేమో" అన్నారు. ఆయన తన ఇంటి మీద పూచీ పడి ఆ మాట చెబుతుంటే నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను.

తొమ్మిదో రోజున అక్క తనే ఆ ఆఫీసుకి వెళ్ళింది. నాలుగింటికి తిరిగొచ్చి, పైకి వెళ్ళకుండా మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. అమ్మ జాడీలో ఆవకాయ తిరగేస్తోంది.

"ఏమైందమ్మా?"

అక్క నా వైపు చూసింది. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆఫీసు వాళ్ళు ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. ఫోను చేశాం, ఎవరో చిన్నపిల్ల ఎత్తింది, చెప్తానంది. ఇంకేం చెబుతారు? అమ్మ గరిటె ఆపి ఎదురుచూస్తోంది.

"జాగాలు నిండిపోయినాయంట అక్కా. నేనే లేటుగా పోయినా" అంది.

అమ్మ అయ్యో అంది. కొత్త ఆవకాయ కలిపిన అన్నం ముద్ద చేసి తినమని బలవంతపెట్టింది. ఆమె రెండు ముద్దలు తిని, కారం అంటూ కళ్ళు తుడుచుకుని లేచింది.

నెలాఖరుకి గది ఖాళీ చేశారు. గేటు దగ్గర ఆటోలో ట్రంకుపెట్టె, పరుపు చుట్ట. అక్క అమ్మ చేతులు పట్టుకుని, "పోయొస్తా అక్కా" అంది. పెద్దమ్మ, "పరేషాన్ గాకు బిడ్డా, నీకు మంచి నౌకరొస్తది" అని ఒడిలో జామకాయలు పోసింది. అక్క నన్ను ఒక్కసారి చూసింది, ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున నాన్న పెరట్లో గడ్డం గీసుకుంటున్నారు. వెళ్ళి అంతా చెప్పేశాను. ఏడుపు మధ్యలో సగం మాటలు అర్థమయ్యాయో లేదో. ఆయన బ్లేడు కిందపెట్టి, సగం నురగతోనే నా వైపు తిరిగారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది.

"లైను బాగుందని ఆ అమ్మాయికి నేను చెప్పాను" అన్నారు. ఆ సాయంత్రం ఓ ఇన్‌లాండ్ కవరు తెచ్చి, పెద్దమ్మను అడిగి దాని మీద అక్క వాళ్ళ ఊరి అడ్రసు రాసి నా ముందు పెట్టారు. "నువ్వే రాయాలి. నేను సాయం చెయ్యను."

మూడు రోజులు పట్టింది రాయడానికి. ఫోను వచ్చిందని, వచ్చినా లేదన్నానని, ఎందుకన్నానో కూడా రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. చిన్న చిన్న అక్షరాలు. ఊళ్ళో ఓ బడిలో కంప్యూటర్ చెబుతున్నానని, అక్కడున్నవి రెండే కంప్యూటర్లని, పిల్లలు వంతులు వేసుకుంటారని రాసింది. ఆ తర్వాత నా గురించి.

"మీ అమ్మ నాలుగు నెలలు నాకు కడుపు నిండా తిండి పెట్టింది. అందుకే ఆ రోజు ఆమె ముందు చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. నువ్వు మర్చిపోయి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. అడిగితే లేదన్నావు. నాకు కోపంగా ఉంది పాపా. చిన్నపిల్ల కదా అనుకుంటున్నాను, అయినా పోవడం లేదు. పోయినాక మళ్ళీ రాస్తాను."

మళ్ళీ ఉత్తరం రాలేదు.

ఆ ఇంట్లో మరో మూడేళ్ళున్నాం. పోస్టుమాన్ సైకిలు గంట వినిపిస్తే అమ్మకంటే ముందు నేనే గేటు దగ్గరకు వెళ్ళేదాన్ని. నాన్న కూడా ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పుతూ, "ఏమైనా వచ్చిందా?" అనేవారు. ఎవరి నుంచో చెప్పాల్సిన అవసరం మా ఇద్దరికీ ఉండేది కాదు. నేను ఇంకో రెండు ఉత్తరాలు రాశాను. రెండూ తిరిగి రాలేదు కాబట్టి చేరే ఉంటాయి.

పెద్దమ్మ పోయాక వాళ్ళ పిల్లలు ఆ ఇల్లు అమ్మేశారు. జామచెట్టు, వెనక బండలు, ఏవీ ఇప్పుడు లేవు. అపార్టుమెంట్లు లేచాయి. నేను పనిచేసే ఆఫీసు మాదాపూర్‌లోనే. కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలకు నన్నూ కూర్చోబెడతారు. ఎవరైనా ఆలస్యంగా వస్తే నా తోటివాళ్ళు చిరాకు పడతారు. నేను మాత్రం నీళ్ళిచ్చి, కబురు ఎప్పుడందింది అని అడుగుతాను. అదో గొప్ప పని అని కాదు. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా నేను ఉండలేను, అంతే.

మేం ఇల్లు మారాక ఆమె రాసిందేమో, ఆ ఉత్తరం మేం లేని ఇంటికి వచ్చి వెనక్కి వెళ్ళిపోయిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకుంటే మనసు తేలిగ్గా ఉంటుంది. అందుకే అలా అనుకోకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను.